ఇరవై ఏడో నంబరు బిళ్ళ

సర్కారు కొలువులో నేను పట్టుకున్న మొదటి దొంగ దొంగ కాదు. ఆ సంగతి నాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. సర్కారుకైతే చివరిదాకా తెలియలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "తాతా, మీ కాలంలో అంతా నీతిగా ఉండేదట కదా" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు చెప్పారయ్యా మీకు? మా కాలంలో జరగనిదేమీ ఇప్పుడు కొత్తగా జరగడం లేదు. అప్పుడైతే అదంతా ముత్యాల్లాంటి దస్తూరీతో, ఎక్కడా కొట్టివేత లేకుండా, మూడు ప్రతుల్లో జరిగేది. ఆ ముత్యాల దస్తూరీ నాదే కాబట్టి చెబుతున్నాను.

ఇందులో ఎవరి పేరూ చెప్పను. భయపడి కాదు. వాళ్ల మనవలు మంచివాళ్లు కావచ్చు, నాకు తెలియదు. నా పేరు కూడా చెప్పను. చెప్పుకోదగ్గ పని ఏం చేశానని?

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మేడ్చల్ తాలూకా కచేరీలో నాకు కొత్తగా అహల్కారు ఉద్యోగం వచ్చింది. అహల్కారంటే ఇప్పటి గుమాస్తా. ఉర్దూ చక్కగా రాస్తానని ఇచ్చారు, మరో అర్హత చూడలేదు. అప్పట్లో రైతుల దగ్గర సర్కారు లెవీ కింద ధాన్యం తీసుకునేది. శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పోగైన ధాన్యమంతా మేడ్చల్ రైల్వే స్టేషన్ పక్కనున్న గోదాముకు చేరాలి. పెట్రోలు దొరికేది కాదు. ఉన్న ఒకటి రెండు లారీలు వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకొని నడిచేవి, కాస్త ఎత్తు వస్తే చాలు దగ్గుతూ ఆగిపోయేవి. అందుకని మోత అంతా ఎడ్లబండ్ల మీదే. ఆ మోతను ఒక గుత్తేదారు వేలంలో పాడుకున్నాడు.

గుత్తకు షరతులు ఉన్నాయి. గుత్తేదారు సొంతానివో, కిరాయికి మాట్లాడుకున్నవో నలభై బండ్లు పెట్టాలి. ప్రతి బండికీ లైసెన్సు ఉండాలి, నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఉండాలి. బండి తోలేవాడికి అతనే కూలి ఇవ్వాలి. లైసెన్సు పుస్తకంలో ప్రతి బండికీ ఎదురుగా హులియా రాసి ఉండేది. హులియా అంటే ఆనవాళ్లు. చక్రం ఎంత ఎత్తు, ఎడ్లు ఏ రంగు, కొమ్ములు ఎటు తిరిగాయి, ఎక్కడ మచ్చ ఉంది, అన్నీ అందులో ఉండేవి. నా పని గోదాము గేటు దగ్గర బల్ల వేసుకొని కూర్చోవడం, వచ్చిన ప్రతి బండినీ పుస్తకంతో సరిచూడడం, సరిపోతే 'తస్దీఖ్' అని రాసి సంతకం చేయడం. తస్దీఖ్ అంటే నేను చూశాను, నిజమే అని.

ఇప్పుడు నా తెలివి వినండి. బండ్లు గేటు ముందు బారులు తీరేవి. ఎండకు ఎడ్లను విప్పి, నీళ్లు తాగించి, స్టేషన్ అవతల చెట్ల కింద కట్టేసేవాళ్లు. బండ్లు మాత్రం నొగలు దించి నిలబడేవి. నేను బిళ్ళ మీద నంబరు చూసేవాణ్ణి, పుస్తకంలో నంబరు చూసేవాణ్ణి, ఎడ్ల ఆనవాళ్లన్నీ ఓపికగా చదివి తస్దీఖ్ రాసేవాణ్ణి. ఎడ్లు లేని బండికి ఎడ్ల కొమ్ములు ధ్రువపరిచాను! ఒక రోజు కాదు, నాలుగు నెలలు. నా పుస్తకం శుభ్రంగా ఉందని మా పేష్కారు, అంటే కచేరీలో మా అందరికీ పెద్ద గుమాస్తా, పదిమందిలో మెచ్చుకున్నాడు కూడా. నేను పొంగిపోయాను.

మృగశిర కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం బండ్లు వచ్చే వేళకే వాన పట్టుకుంది. ధాన్యం తడుస్తుందని బండివాళ్లు ఎడ్లను విప్పకుండానే గేటులోకి తోలారు. అన్నిటికంటే ముందు ఇరవై ఏడో నంబరు బండి నా ముందుకొచ్చింది. పుస్తకంలో ఇరవై ఏడుకు రెండు తెల్లెడ్లు, ఎడమ ఎద్దుకు ఒక కొమ్ము విరిగి ఉందని రాసి ఉంది. నా ముందు నిలబడ్డవి ఒక కర్రెద్దు, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఒక ఎర్రెద్దు. నాలుగు కొమ్ములూ నిక్షేపంగా ఉన్నాయి. వంగి చూస్తే బిళ్ళ సుతిలితో కట్టి ఉంది. తడిసిన సుతిలి, అదే రోజు ముడి వేసినది.

నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. దొంగ దొరికాడు!

బండివాడు దేవరయాంజాల్ నుంచి వచ్చిన ముసలి సాయిబు. నాలుగెకరాల మెట్ట చెల్క, ఒక బండి, ఆ రెండు ఎడ్లు, అదే అతని సంసారం. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నేను అడిగింది ఒకటే.

"గీ బిళ్ళ యాడిది?"

"నాది గాదు సాబ్. పొద్దుగాల శామీర్‌పేటల గుత్తేదారు గుమాస్తా గట్టిండు. ఈడ ధాన్యం దించినంక ఇప్పుకుంటడు."

ఆ గుమాస్తా పక్కనే గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో కాగితాల కట్ట. అతను నవ్వాడు.

"ఝూట్ మాట్లాడుతుండు సాబ్. మా ఇరవై ఏడో బండి బిళ్ళ నిన్నటి సంది కనిపిస్తలేదు. గీ ముసలోడే కొట్టేసిండు."

నిన్నటి నుంచి బిళ్ళ కనిపించకపోతే నిన్ననే నాకెందుకు చెప్పలేదని అడగొచ్చు కదా? నాకు తోచలేదు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, అతని మాట నమ్మాను. దొంగ బిళ్ళ కట్టిన బండిని కచేరీ ఆవరణలో పెట్టాలి, ఎడ్లను బందెలదొడ్డికి తోలాలి. పరాయి చేలల్లో పడి మేసిన పశువులను బంధించే దొడ్డి అది. జవాన్లను పిలిచి తోలించాను. ఆ సంబరంలో వెనక వచ్చిన బండ్ల ఎడ్లను చూడనే లేదు. ముసలాయన నా బల్ల పట్టుకొని నిలబడ్డాడు.

"ఎడ్లను ఇడువుండ్రి సాబ్. మిరుగం కురుస్తాంది. రేపు చెల్క దున్నాలె, జొన్నలు ఎయ్యాలె. కావాలంటే నన్ను దొడ్ల కట్టేయుండ్రి. నేను యాడికి వోను."

"కానూన్ కానూనే" అన్నాను నేను. ఇరవై రెండేళ్ల వాణ్ణి. ఆ మాట అనడానికి ఎంత గొంతు కావాలో అంత గొంతూ ఉండేది.

మర్నాడు వాన లేదు. కానీ నన్ను అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది. బండ్లు వచ్చాక చెట్ల కిందికి నేనే నడిచి వెళ్లి ఎడ్లను చూశాను. పుస్తకంలో ఉన్న ఎడ్లు ఒక్క జత కూడా లేదు. లైసెన్సులు ఇచ్చిన రోజున కచేరీ ముందు నిలబడ్డ ఆ కొండల్లాంటి తెల్లెడ్లు గుర్తుకొచ్చాయి. అవన్నీ గుత్తేదారు చుట్టాలైన దొరలవి. పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకున్నట్టు ఒక్క పూట తెచ్చి చూపించి తోలుకుపోయారు. మూడో రోజు ధాన్యం దించిన ఖాళీ బండ్ల వెంట ఊరి బయటిదాకా నడిచాను. శామీర్‌పేట తోవ మలుపులో గుమాస్తా బండ్లను ఒక్కొక్కటిగా ఆపి, చాకుతో సుతిలి కోసి, బిళ్ళలు గోనెసంచిలో వేసుకుంటున్నాడు. నన్ను చూసి దాచుకోలేదు. "నమస్తే సాబ్, షికారుకొచ్చిండ్రా?" అన్నాడు.

బండివాళ్లను అడిగాను. ఊరి పటేలు మనిషి వచ్చి వెట్టికి బండి కట్టమంటాడట. కట్టాల్సిందే. కూలి లేదు, ఎడ్లకు గడ్డి కూడా సొంతమే. వెట్టి వద్దని సర్కారు ఫర్మానా ఎప్పుడో ఇచ్చింది, అది మా కచేరీ బీరువాలో భద్రంగా ఉంది. సర్కారు మోతకు సర్కారు ఇచ్చే కిరాయి గుత్తేదారుకు, ఆ మోత మాత్రం రైతు ఎడ్ల మెడ మీద. మధ్యలో ఇదంతా నిజమేనని సంతకం పెట్టినవాణ్ణి నేను. దొరికితే దొంగ, దొరకకపోతే దొర అంటారు. దొర పక్కనే గొడుగుతో నిలబడి ఉంటే, దొరికినవాణ్ణి దొడ్లో పెట్టించాను.

మండిపోతూ పేష్కారు దగ్గరికి వెళ్లాను. ఆయన పాన్ నములుతూ అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే ఇంటి నుంచి గంజి పంపించిన మనిషి.

"కూసో పంతులూ. గిదంత నాకు తెల్వదనుకున్నవా? పటేలు వెట్టికి తోలిస్తడు, గుత్తేదారు బిళ్ళ గట్టిస్తడు. తాలూకాల ఉన్న కుక్కకు గూడ ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వడిగినవా?"

ఆయన పాన్ ఉమ్మేసి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇగ జర ఇను. నీకు రెండు తొవ్వలున్నయ్. ముసలోడు బిళ్ళ దొంగతనం జేసిండని రాయి. జుర్మానా గుత్తేదారే గడ్తనన్నడు. మాపటికల్ల ఎడ్లు ఇంటికి వోతయ్. లేదు, నిజమే రాస్తనంటవా, ముకద్దమా అయితది. గప్పుడు గా ఎడ్లు సుబూత్ అయితయ్. సుబూత్‌ను ఎవ్వడు ఇడువడు."

ముకద్దమా అంటే కేసు, సుబూత్ అంటే సాక్ష్యం. విచారణ అయ్యేదాకా సాక్ష్యం కదలకూడదు. అంటే నేను అబద్ధం రాస్తే ఎడ్లు సాయంత్రానికి ఇల్లు చేరతాయి, నిజం రాస్తే దొడ్లోనే ఉంటాయి. ఇలాంటి కానూన్ రాసినవాడెవడో కానీ, వాడు ఏనాడూ నాగలి పట్టి ఉండడు.

నేను బందెలదొడ్డికి వెళ్లాను. ముసలాయన దేవరయాంజాల్ నుంచి ఐదు మైళ్లు గడ్డిమోపు మోసుకొచ్చి ఎడ్లకు వేస్తున్నాడు. దొడ్డివాడు మేత పెట్టేది లేదని తెలుసు కదా. నేను విషయమంతా చెప్పాను. అతను ఆలోచించను కూడా లేదు.

"దొంగ అనే రాయుండ్రి సాబ్."

"చెయ్యని దొంగతనం ఎట్ల ఒప్పుకుంటవ్?"

"ఒప్పుకుంటే ఏమాయె? దొంగ అనే పేరు మీ కాయితంల ఉంటది. నా ఎడ్లు నా చెల్కల ఉంటయ్. జల్దీ రాయుండ్రి సాబ్, పదును ఆరిపోతాంది."

నేను కచేరీకి తిరిగొచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను. ఇప్పుడు మీరంతా నేనేం రాశానని అనుకుంటున్నారో నాకు తెలుసు. అవును, నిజమే రాశాను. ఐదు పేజీలు రాశాను. గుత్తేదారు, పటేలు, గోనెసంచి, చాకు, ఏదీ వదల్లేదు. ఒక నిర్దోషిని దొంగ అని నా చేత్తో రాయనని పంతం పట్టాను. ఆ నిర్దోషి చేతులు జోడించి రాయమని అడిగాడన్నది నా పంతానికి అడ్డు రాలేదు. రెండు రోజుల్లో విచారణ జరిగి ఎడ్లు బయటికొస్తాయని నన్ను నేనే నమ్మించుకున్నాను. కాగితం చదివి పేష్కారు తల కొట్టుకున్నాడు. "ఎద్దు పుండు కాకికి ముద్దా పంతులూ?" అన్నాడు. అప్పుడు ఆ మాట గుత్తేదారును గురించి అన్నాడనుకున్నాను.

విచారణ ఇరవై రెండో రోజున జరిగింది.

ఆ ఇరవై రెండు రోజులూ ముసలాయన గడ్డిమోపుతో నా కిటికీ ముందు నుంచే దొడ్డికి వెళ్లాడు. మొదట్లో సలాం చేసేవాడు. తర్వాత మానేశాడు. మంచి వానలు పడ్డాయి ఆ ఏడు. మృగశిర పోయింది, ఆరుద్ర సగం గడిచింది. శామీర్‌పేట తోవకు రెండు పక్కలా జొన్న మొలకలు జానెడేసి లేచాయి. ఎవరినైనా ఎడ్లు బదులు అడుగుదామంటే అందరి ఎడ్లూ వెట్టిలోనే ఉన్నాయి, లేదా సొంత చెల్కల్లో ఉన్నాయి. అతని నాలుగెకరాలూ బీడు పడ్డాయి. జొన్నకు అదను దాటిపోయింది. ఆ ఏడు వాళ్ల ఇంట్లో జొన్నరొట్టె లేదని, చివర్లో చల్లిన ఉలవలతోనే గుగ్గిళ్లు వండుకొని గడిపారని తర్వాత విన్నాను. నా నిజాయితీకి మేత మరొకరి ఎడ్లు. నాకు మాత్రం ఆ నెల జీతం పూర్తిగా వచ్చింది.

విచారణకు వచ్చిన పెద్దమనిషి గుత్తేదారు ఇంట్లో బిర్యానీ తిని, మధ్యాహ్నం పడుకొని, సాయంత్రం నన్ను పిలిపించాడు. నా ఐదు పేజీలు ఆయన చేతిలో లేవు. నా తస్దీఖ్ పుస్తకం ఉంది. రెండే ప్రశ్నలు అడిగాడు. ఈ బండ్లను ఎన్నాళ్ల నుంచి తనిఖీ చేస్తున్నావు? నాలుగు నెలలన్నాను. ఆ నాలుగు నెలల్లో ఎప్పుడైనా తేడా ఉందని రాశావా? లేదన్నాను. ఆయన పుస్తకం తిప్పి చూపించాడు. పేజీ తర్వాత పేజీ నా ముత్యాల దస్తూరీ. విరిగిన కొమ్ము ఉన్న తెల్లెద్దును నేను ఎన్నిసార్లు కళ్లారా చూశానో అందులో రాసి ఉంది. గుత్తేదారు తరఫు సాక్షిని నేనే అయ్యాను. అక్కడ కూర్చున్న గుత్తేదారు గుమాస్తా నాకు మంచినీళ్లు ఇచ్చాడు, తీసుకున్నాను.

గుత్త రద్దు కాలేదు. పటేలును పిలవను కూడా లేదు. గుమాస్తాను జాగ్రత్తగా ఉండమన్నారు. ముసలాయన దొంగ కాదని తేల్చలేదు, దొంగ అనీ తేల్చలేదు, ఎడ్లను మాత్రం వదిలేశారు. ఇంత రాద్ధాంతం జరిగాక సర్కారు ఊరకే ఉందంటే బాగుండదు కదా, అందుకని ఒక కొత్త హుకుం వచ్చింది. లోపం ఎక్కడుందో వాళ్లు కనిపెట్టారు. సుతిలిలో ఉందట! బిళ్ళలు సుతిలితో కట్టడం వల్ల చేతులు మారుతున్నాయి కాబట్టి, ఇక మీదట ప్రతి బిళ్ళనూ నాలుగు మేకులతో బండికి దిగ్గొట్టాలి. ఇప్పుడు ధాన్యం మోస్తున్న బండ్లకే, ఆ ఎడ్ల హులియాతోనే గుత్తేదారుకు కొత్త లైసెన్సులు ఇవ్వాలి. మేకులు తనిఖీ అహల్కారు కళ్ల ముందు కొట్టాలి.

మీరు గమనించారా? నా ఐదు పేజీలూ అమలయ్యాయి. పుస్తకంలో ఒక ఎద్దు, బండికి ఒక ఎద్దు ఉంటోందని నేను రాశాను. అలా ఉండకూడదన్నారు. వెట్టిబండ్లన్నీ గుత్తేదారు బండ్లుగా కానూన్ ప్రకారం కాగితానికెక్కాయి. కూలి సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు గుండ్లపోచంపల్లి దగ్గర గోదాముల ముందు నిలబడ్డ లారీలకు నంబరు పలకలు చూసి మీకేమీ అనిపించదు. నేను ఇప్పటికీ వంగి, వాటిని దేనితో బిగించారో చూస్తాను.

హుకుం వచ్చిన వారానికి కచేరీ ఆవరణలో మేకులు కొట్టే పని పెట్టారు. ఊరూరి నుంచి పటేళ్లు బండ్లు తోలించారు. వడ్లాయన, అంటే వడ్రంగి, సుత్తెతో కూర్చున్నాడు, నేను పుస్తకంతో నిలబడ్డాను. గుమాస్తా ఆ రోజు కూడా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు. కావాలనే దేవరయాంజాల్ ముసలాయన బండిని అందరికంటే ముందు నిలబెట్టాడు. నంబరు కూడా ఇరవై ఏడే ఇప్పించాడు.

నేను హులియా చదివాను. ఒక కర్రెద్దు. ఒక ఎర్రెద్దు, నుదుటి మీద తెల్లమచ్చ. తలెత్తి చూశాను. దొడ్లో పక్కటెముకలు తేలాయి, కానీ ఎడ్లు అవే. వడ్లాయన బిళ్ళను నొగ మీద ఆనించి మొదటి మేకు దిగ్గొట్టాడు. పాత కర్ర, చిన్నగా పగిలింది. ముసలాయన ఆ పగులును వేలితో తడిమి నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు. రైలు ఎప్పుడొస్తుందని అడిగినట్టే అడిగాడు.

"సాబ్, సుతిలి ఉన్నప్పుడు మాపటికి ఇప్పుకునేటోళ్లు. ఇంటికి వొయ్యేటప్పటికి బండి నాదయ్యేది. గీ మేకులు ఎప్పుడు తీస్తరు?"

వడ్లాయన సుత్తె ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి నా ముఖం చూశాడు. వెనకాల బండ్లు బారు తీరి ఉన్నాయి. గుమాస్తా గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"కొట్టు" అన్నాను నేను.

మిగతా మూడు మేకులూ దిగాయి. బండి చూశాను, బిళ్ళ చూశాను, ఎడ్లను చూశాను. మూడూ సరిగ్గా సరిపోయాయి. పుస్తకం తెరిచి ఇరవై ఏడుకు ఎదురుగా తస్దీఖ్ అని రాసి సంతకం చేశాను. ఆ పుస్తకంలో నేను పెట్టిన మొదటి నిజమైన సంతకం అది.